పిన్ను దొరకని పెట్టె

శ్రీరామనవమి ఇంకా నెల ఉందనగా నా బల్ల మీదికి కీబోర్డులు రావడం మొదలవుతుంది. మా నేలకొండపల్లి, రామదాసు పుట్టిన ఊరు. ఇక్కడి భజన బృందాల్లో హార్మోనియం పక్కకు కీబోర్డు చేరి చాలా కాలమైంది. ఏడాది పొడవునా బీరువా మీద దుప్పటి కప్పుకుని పడుకున్న కీబోర్డు నవమికి లేచేసరికి దాని ఒంట్లో ఏ జబ్బూ ఉండదు. అడాప్టరే కనిపించదు. ఇంట్లో ఎవరో ఎప్పుడో దాన్ని సెట్‌టాప్ బాక్సుకు పెట్టుకుని ఉంటారు. "అన్నా, ఈ బొక్కలో పట్టే పిన్ను ఏదన్నా పెట్టియ్యి, నవమి దాటితే చాలు" అంటారు.

ఆ "ఏదన్నా"తోనే చిక్కు. కాసియో వాళ్లు ఒక తరం కీబోర్డులకు ఇచ్చిన ఏడీ-5 అడాప్టరు 9 వోల్టులది. దాని పిన్నులో లోపలి భాగం నెగటివ్, బయటి గొట్టం పాజిటివ్. యమహా వాళ్ల పీఏ-3 అయితే 12 వోల్టులు, లోపల పాజిటివ్. తర్వాతి తరంలో కాసియోనే 9.5 వోల్టుల కొత్త అడాప్టరు తెచ్చి, లోపలి గుర్తును పాజిటివ్‌గా తిప్పేసింది. బజారులో దొరికే అడాప్టర్ల పిన్నులకు బయటి వ్యాసం ఎక్కువగా 5.5 మిల్లీమీటర్లే. లోపలి రంధ్రం మాత్రం కొన్నిటికి 2.1, కొన్నిటికి 2.5. పెద్ద రంధ్రం పిన్నును సన్న కడ్డీ ఉన్న సాకెట్లో పెడితే హాయిగా దూరుతుంది. లైటు కూడా వెలుగుతుంది. చరణం మధ్యలో ఎవరి మోకాలో తగిలితే ఆగిపోతుంది. మర్నాడు "కీబోర్డు పోయింది" అని నా దగ్గరికి తెస్తారు.

కాలం చెల్లిన పరికరానికి కనెక్టర్ ఎలా సంపాదించాలన్న ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ, దీనికి చుట్టూ వినిపించే జవాబులన్నీ రెండు గుంపుల్లో పడతాయి. ఒరిజినల్ తప్ప ఇంకేదీ పెట్టకూడదనేవాళ్లు ఒక గుంపు. వాళ్ల పరికరాలు అటక మీద భద్రంగా ఉంటాయి. కనెక్టరెందుకు, వైర్లు రెండూ కోసి డైరెక్టుగా కలిపి టేపు చుట్టెయ్ అనేవాళ్లు రెండో గుంపు. వాళ్ల పరికరాలు నడుస్తాయి, ఒకరోజు కాలిపోతాయి కూడా. ఇద్దరూ కనెక్టరును ఒక ఆకారంగానే చూస్తున్నారని నా అనుమానం. అది ఆకారం కాదు, ఒప్పందం. ఈ గుంతలో ఈ వోల్టేజి, ఈ పిన్ను మీద ఈ సంకేతం, ఈ తొడుగుకు ఎర్తు, తలకిందులుగా దూరకుండా ఈ గాడి అని తయారీదారు రాసిచ్చిన కాగితమే అనుకోండి. కాగితం చినిగిపోయినప్పుడు అదే సైజు కాగితం వెతకడం కాదు, అందులో ఏం రాశారో తెలుసుకోవాలి.

అసలు ఏ కనెక్టర్ చస్తుంది, ఏది బతుకుతుంది? వయసును బట్టి చెప్పలేం. గుడి మైకు ఆంప్లిఫయర్ వెనక ఉండే 6.35 మిల్లీమీటర్ల జాక్ పంతొమ్మిదో శతాబ్దపు టెలిఫోన్ ఎక్స్‌చేంజీల్లో పుట్టింది. ఇవాళ్టికీ ఏ మైక్‌సెట్ షాపులోనైనా ఇస్తారు. ఆసిలోస్కోపుల ముందు మెలిపెట్టి బిగించే బీఎన్‌సీ, బెల్ ల్యాబ్స్‌కు చెందిన పాల్ నీల్, యాంఫినాల్‌కు చెందిన కార్ల్ కాన్సెల్‌మన్ పేర్ల మొదటి అక్షరాలను తన పేరు చివర పెట్టుకుని 1940లలో వచ్చింది. దానికీ చావు లేదు. కానన్ కంపెనీ 1952లో తెచ్చిన డీ ఆకారపు కనెక్టరుదీ అదే కథ. మరోపక్క, మొన్నమొన్నటి సెల్‌ఫోన్ల సన్న పిన్ను ఛార్జర్లను ఇప్పటి పిల్లలు గుర్తుపట్టరు. ఒక్క కంపెనీ సొత్తయిన కనెక్టర్ ఆ కంపెనీ మోడల్ మార్చగానే పోతుంది. నలుగురూ వాడుకున్నది నిలబడుతుంది. పాత జపాన్ పరికరాల వెనక పద్నాలుగో పదహారో పిన్నుల గుండ్రటి గుంత కనిపిస్తే నాకు ముందే నీరసం వస్తుంది.

మన దగ్గర ఈ సమస్యకు స్థానిక చరిత్ర ఒకటుంది. 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ అనే ఎలక్ట్రానిక్స్ సంస్థ మొదలైంది. దాన్ని నిలబెట్టిన ఎ.ఎస్. రావు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టినవాడు. 1969లో అక్కడి నుంచే టీడీసీ-12 కంప్యూటర్ వచ్చింది. ఆ సంస్థ, దాని చుట్టూ పెరిగిన చిన్న కంపెనీలు చేసిన కొలత పరికరాలు తెలుగునాట కాలేజీ ప్రయోగశాలల్లోకి చేరాయి. అమెరికా పెట్టెకు విడిభాగం లేదంటే అర్థముంది, చర్లపల్లి దారిలో తయారైన పెట్టెకు కూడా లేదేమిటని లెక్చరర్లు ఆశ్చర్యపోతారు. పెట్టె మనదే, కనెక్టర్ ఎక్కడిదో. బయటి గుంతలు బీఎన్‌సీ లాంటివైతే బతికిపోతాం. ఆ తరం పరికరాల లోపల, సర్క్యూట్ బోర్డు అంచునే పిన్నుల్లా చేసి గాడిలో గుచ్చే పద్ధతి ఉండేది. ఇబ్బందంతా ఆ గాడి దగ్గర. రాగి స్ప్రింగులు నల్లబడి పట్టు వదిలేస్తాయి.

ముందు కొలత. ఇక్కడ చాలామంది చేసే తప్పు రెండు పిన్నుల మధ్య దూరం కొలవడం. అమెరికా కొలతలో ఆ దూరం అంగుళంలో పదో వంతు, అంటే 2.54 మిల్లీమీటర్లు. జపాన్ వాళ్ల కొన్ని రకాల్లో అది సరిగ్గా 2.50. స్కూలు స్కేలుతో రెంటికీ తేడా కనబడదు, మూడు పిన్నులుంటే ఒకదాన్లో ఒకటి దూరుతుంది కూడా. పది పిన్నుల వరుసలో తొమ్మిది ఖాళీలు. ఒకటి 22.86 మిల్లీమీటర్లు వస్తుంది, రెండోది 22.5. చివరి పిన్ను దగ్గర తేడా మూడోవంతు మిల్లీమీటరు దాటేసరికి ప్లాస్టిక్ పగులుతుంది లేదా పిన్ను వంగుతుంది. కాబట్టి మొదటి పిన్ను నుంచి చివరి పిన్ను దాకా కొలిచి, ఖాళీల సంఖ్యతో భాగించాలి.

తర్వాత ఏ పిన్ను ఏమిటో తెలుసుకోవడం. సర్వీస్ మాన్యువల్ ఉంటే ఒక గంట పని, లేకపోతే రెండు రోజులు. కరెంటు తీసేసి, పెద్ద కెపాసిటర్లు ఖాళీ అయ్యాయని మీటరుతో నిర్ధారించుకుని, మల్టీమీటరును బీప్ మీద పెట్టి ముందు ఎర్తు పట్టుకోవాలి. చాసిస్‌కు కలిసే పిన్ను అదే అవుతుంది చాలాసార్లు. లావు ట్రాక్ ఎక్కడికి పోతోంది, రెగ్యులేటర్ ఐసీ కాలు ఏ పిన్నుకు వస్తోంది, ఇలా వెనక నుంచి ముందుకు. ఈ దశలో ఓపిక లేనివాళ్లు పరికరాన్ని ఆన్ చేసి పిన్నులు గోకుతారు. ఆ ఒక్క రవ్వతో పోయిన ఐసీకి తర్వాత కనెక్టర్ దొరికినా లాభం లేదు.

ఇక వెతుకులాట. ఖమ్మంలో దొరికేవి నేటి టీవీల, ఇన్వర్టర్ల, సీసీ కెమెరాల సామాన్లు. పాతవాటికి కోదాడ, సూర్యాపేట మీదుగా హైదరాబాదు బస్సెక్కి కోఠీ గుజరాతీ గల్లీలో దిగాల్సిందే. అక్కడా లేకపోతే చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్.పి. రోడ్, ముంబైలో లామింగ్టన్ రోడ్. ఈ గల్లీలకు ఒక భాష ఉంది. కంపెనీ పార్టు నంబరు చెబితే కౌంటర్లో కుర్రాడు మొహం చూస్తాడు. "రిలిమేట్ మూడు పిన్నులది" అంటేనో, "బెర్గ్ స్ట్రిప్" అంటేనో, "ఎఫ్‌ఆర్‌సీ కేబుల్" అంటేనో చేతిలో పెడతాడు. రిలిమేట్ అన్నది ఒకప్పటి బ్రాండు పేరని అక్కడ ఎవరికీ పట్టదు, ఇప్పుడది వస్తువు పేరు. పరికరంలో మిగిలిన సగాన్ని, కుదిరితే పరికరాన్నే, వెంట తీసుకెళ్లాలి. జత లేకుండా ఆ గల్లీకి పోవడం చెయ్యి చూపించకుండా గాజులు కొనడం లాంటిది. ఆన్‌లైన్ అంగళ్లు ఈ ప్రయాణాన్ని తగ్గించిన మాట నిజమే. కాకపోతే ఫొటోలో పిన్ను మందం తెలియదు, మనకు ఒకటి కావాలంటే వాళ్లు వంద ప్యాకెట్టు అంటారు.

నాకిష్టమైన దారి మూడోది. కనెక్టర్ అమ్మకంలో లేకపోయినా ఇంకో వేషంలో బజారులోనే తిరుగుతూ ఉండవచ్చు. కీబోర్డుల మిడి కేబులు సంగతి చూడండి. వాయిద్యాలను ఒకదాంతో ఒకటి కలిపేందుకు 1983లో వచ్చిన మిడి పద్ధతికి ఐదు పిన్నుల డిన్ ప్లగ్గు వాడారు. 180 డిగ్రీల అర్ధవృత్తంలో పిన్నులుంటాయి. ఆ ఐదింటిలో పని చేసేవి మూడే, రెండోది, నాలుగోది, ఐదోది. సరిగ్గా అదే ప్లగ్గు పాత డెస్క్‌టాప్ కంప్యూటర్ల లావు పిన్ను కీబోర్డులకు ఉండేది. వాటిలో ఒకటి, రెండు, నాలుగు, ఐదు పిన్నులకు తీగలుంటాయి. అంటే మనకు కావలసిన మూడూ ఉన్నట్టే. పాత సామాన్ల కొట్టులో కిలో లెక్కన అమ్మే కంప్యూటర్ కీబోర్డు తోక కోస్తే మిడి కేబులుకు ఒక చివర సిద్ధం. రంగును మాత్రం నమ్మకూడదు, ప్రతి తీగనూ బీప్‌తో చూసుకోవాలి. డిన్ కుటుంబంలోనే 240 డిగ్రీల ఐదు పిన్నులదీ ఉందని గుర్తుంచుకోవాలి. చూపుకు అన్నదమ్ములు, ఒకరి చొక్కా ఇంకొకరికి పట్టదు.

వాల్వుల కాలపు పరికరాల్లో పవర్ కోసం ఎనిమిది పిన్నుల ఆక్టల్ గుంత ఉండేది. వాల్వు బేసు కావాలని అడిగితే నవ్వుతారు. ఎలక్ట్రికల్ ప్యానెళ్లు చేసేవాళ్ల దగ్గరికి పోయి ఎనిమిది పిన్నుల రిలే బేసు అడగండి, ఖమ్మంలోనే దొరుకుతుంది. ఆ రెండూ ఒకటే ఆకారం. దాని మీద రాసిన వోల్టేజి పరిమితి చదవడం మరవొద్దు. వాల్వుల సర్క్యూట్లో అంతకు మించిన వోల్టేజి తిరిగే అవకాశముంది. బోర్డు అంచు గుచ్చే గాడికి, పదో వంతు అంగుళం దూరమున్నదైతే, పాత కంప్యూటర్ మదర్‌బోర్డు మీది నల్లటి పొడవు ఐఎస్ఏ స్లాటు పనికొస్తుంది. హీట్ గన్‌తో ఊడదీసి, కావలసినన్ని పిన్నులకు హ్యాక్సా బ్లేడుతో కోసి, కోసిన చివర ఆరల్‌డైట్ రాస్తే నిలుస్తుంది. సన్న పిన్నులకు గుండ్రటి రంధ్రాల ఐసీ సాకెట్టును విరిచి ఒక్కొక్క గొట్టం తీసుకోవచ్చు. డీ కనెక్టరు పిన్నుల మందం దాదాపు ఒక మిల్లీమీటరు. ఆ మందం పిన్ను ఉన్న ప్రతిచోటా దాని ఆడ పిన్నులు విడివిడిగా తొడిగి, ఒక్కొక్కదానికి స్లీవ్ వేస్తే సరి.

ఇవేవీ కుదరనప్పుడు పోత పోయడం. పరికరం గుంతకు పల్చగా వ్యాజిలిన్ రాసి, సరిపోయే పిన్నులను ఒక్కొక్కటిగా గుచ్చి, ముందే సోల్డర్ చేసిన తీగలను నిలబెట్టి, చుట్టూ అట్టముక్కతో గోడ కట్టి, ఆరల్‌డైట్ నింపాలి. మెల్లగా గట్టిపడే రకమే వాడాలి. ఐదు నిమిషాల రకం వేడెక్కి, సర్దుకునే వ్యవధి ఇవ్వదు. మర్నాడు లాగితే అచ్చం ఆ గుంతకే పుట్టిన ప్లగ్గు వస్తుంది. నా మొదటిది బయటికి రాలేదు. వ్యాజిలిన్ తక్కువై అంటుకుపోయింది, రెండు రోజులు చెక్కాల్సి వచ్చింది. అప్పటి నుంచి ముందు ఒక పనికిరాని సాకెట్ మీద పోసి చూస్తాను. పోత ప్లగ్గుకు పెద్ద లోపం, దాన్ని తిప్పి పెట్టినా దూరే ఆకారమైతే తప్పు జరిగి తీరుతుంది. ఒక పక్క బుడిపె పోయడం కూడా ప్లగ్గులో భాగమే.

కొత్త కాలం ఒక దొడ్డిదారి చూపించింది. టైప్-సీ ఛార్జర్ ప్రతి ఇంట్లో ఉంది. చిన్న ట్రిగర్ బోర్డు పెడితే ఫాస్ట్ ఛార్జర్ నుంచి 9 వోల్టులు తీసుకోవచ్చు. పాత కాసియోకు, ప్లస్ మైనస్ తిప్పి కలిపితే, ఇది చక్కగా నడుస్తుంది. యమహాకు ఇదే పని చేయబోయి చాలామంది దెబ్బతిన్నారు. పవర్ డెలివరీ పద్ధతిలో మామూలుగా ఉండే మెట్లు 5, 9, 15, 20. పన్నెండు తప్పనిసరి కాదు. కొన్ని ఛార్జర్లు ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. ఇవ్వనప్పుడు 9 వచ్చి కీబోర్డు కీచుమంటుంది. నవమి రాత్రి అరువు తెచ్చిన ఛార్జర్‌తో ఇది బయటపడితే తిట్లు నాకే.

ఆకారం కలిసి ఒప్పందం కలవని సంగతులు కొత్త వస్తువుల్లోనూ ఉన్నాయి. మిడి తీగను చిన్న 3.5 మిల్లీమీటర్ల జాక్‌కు మార్చినప్పుడు కంపెనీలు పిన్నుల వరుసను తలో రకంగా పెట్టుకున్నాయి. 2018లో ఒక రకాన్ని ప్రమాణంగా తీసుకున్నారు. అంతకు ముందు వచ్చిన వస్తువులు అలాగే తిరుగుతున్నాయి. ప్లగ్గు దూరుతుంది, పాట రాదు.

ఇంతవరకు చెప్పినవన్నీ పట్టుకుంటే పట్టు, వదిలితే పాట ఆగుతుంది అనే రకం. అసలు కష్టం, బాగా పట్టి, బీప్ కొట్టి, అబద్ధం చెప్పే కనెక్టర్లతో వస్తుంది. ఒక కాలేజీ నుంచి పాత పీహెచ్ మీటరు వచ్చింది. దాని ఎలక్ట్రోడుకు పాతకాలపు ప్రత్యేక ప్లగ్గు, కొత్త ఎలక్ట్రోడులన్నీ బీఎన్‌సీవి. ల్యాబు అసిస్టెంటు టీవీ కేబులు పనివాడితో గుంత మార్పించాడు. మీటరు నడుస్తోంది, కానీ పీహెచ్ 4 ద్రావణంలో 4.3 దగ్గర ఆగుతోంది. ఎలక్ట్రోడు పాడైందని రెండోది కొన్నారు. అదీ అంతే.

లెక్క ఇది. 25 డిగ్రీల దగ్గర ఒక్క పీహెచ్ మెట్టుకు ఎలక్ట్రోడు ఇచ్చేది 59 మిల్లీవోల్టులు. ఆ కాస్త వోల్టేజి, వంద మెగా ఓముల వరకూ, ఒక్కోసారి ఆ పైనా నిరోధమున్న గాజు పొర దాటి రావాలి. కనెక్టర్ లోపలి ప్లాస్టిక్ మీద వేలి జిడ్డో తేమో ఉండి వెయ్యి మెగా ఓముల లీకేజీ దారి ఏర్పడిందనుకోండి. మన మల్టీమీటరు దాన్ని చూడలేదు, దాని దృష్టిలో అది తెగిన తీగ. అయినా సంకేతంలో పదకొండో వంతు అటు పోతుంది. పీహెచ్ 7 నుంచి 4కు ఉన్న మూడు మెట్ల తేడా 2.73కు తగ్గి, మీటరు 4.27 చూపుతుంది. అదే జరిగింది. మందు టెఫ్లాన్ ఇన్సులేషన్ ఉన్న బీఎన్‌సీ పెట్టడం, స్పిరిటుతో కడిగి ఆరబెట్టడం, మళ్లీ వేలు తగిలించకపోవడం. ఇంకో రహస్యం ఆ ఎలక్ట్రోడు కేబులులో ఉంది. అల్లిక కింద నల్లటి పొర ఒకటి ఉంటుంది, రబ్బరులా కనిపిస్తుంది. అది కరెంటు పోనిచ్చే పొర. దాన్ని నడిమి తీగకు దూరంగా వెనక్కి ఒలవకుండా సోల్డర్ చేస్తే ఎంత ఖరీదైన కనెక్టరైనా దండగే. ఫ్లక్స్ కూడా శుభ్రంగా తుడవాలి. పొలం మట్టికి సున్నం వేయాలా వద్దా అన్నది ఇలాంటి మీటరు అంకెను బట్టి తేలే మాట కాబట్టి ఇంత సాగదీశాను.

ఇక ముట్టుకోకూడనివి. రేడియేషన్ లెక్కపెట్టే గైగర్ కౌంటర్ ట్యూబుకు వందల వోల్టులు వెళ్తాయి. దానికి వాడే పాత ఎంహెచ్‌వీ కనెక్టరు బీఎన్‌సీకి కవల తోబుట్టువులా ఉంటుంది, గట్టిగా తిప్పితే ఒకదాన్లో ఒకటి ఎక్కుతుంది కూడా. తర్వాత ఎస్‌హెచ్‌వీ అనే రకం తెచ్చింది ఇందుకే. అది బీఎన్‌సీలో దూరదు, ఊడదీసినప్పుడు కరెంటున్న పిన్ను వేలికి అందదు. దూరకపోవడమే దాని గొప్ప. కొత్తగూడెం కేంద్రంగా ఉన్న సింగరేణి భూగర్భ గనుల్లోనూ ఇదే జాగ్రత్త. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే చిన్న రవ్వ చాలు. అక్కడి పరికరాలు రవ్వ పుట్టకుండా పరీక్షించి ధ్రువీకరించినవి. కనెక్టర్ మార్చిన క్షణం ఆ ధ్రువీకరణ పోతుంది. నా దగ్గరికి తెస్తే వెనక్కి పంపేస్తాను.

ఆసుపత్రి పరికరాల సంగతికి ఒక్క ఉదాహరణ. 1986లో అమెరికాలోని సియాటిల్‌లో ఒక నాలుగేళ్ల పాప ఒంటికి అంటించిన గుండె మానిటర్ తీగ చివరి పిన్ను, పొరపాటున, గోడ కరెంటుకు కలిసి ఉన్న తీగ గుంతలో దూరింది. పాప చనిపోయింది. 1993లో షికాగోలో ఒక పసికందుకు అలాగే జరిగింది. 1997లో అక్కడి ప్రభుత్వం, రోగి వైపు తీగకు బయటికి పొడుచుకొచ్చే లోహపు పిన్ను ఉండకూడదని నియమం పెట్టింది. పాత ఈసీజీ మెషీనుకు కొత్త తీగ పట్టడం లేదని విసుక్కునేవాళ్లకు ఇది చెబుతుంటాను. పట్టకుండా చేసింది కావాలనే.

మిగిలిన తగువు ఒకటుంది. పరికరం వెనక గుంతను తీసేసి కొత్తది బిగించాలా, గుంతను అలాగే ఉంచి తోక కట్టాలా? పాతవి సేకరించేవాళ్లు రేకుకు కొత్త రంధ్రం పడితే గుండె ఆగినంత పని చేస్తారు. వాళ్ల బాధ వాళ్లది. రోజూ వాడే వస్తువైతే నేను గుంత మార్చడం వైపే. అందరికీ దొరికే 5.5-2.1 సాకెట్టో బీఎన్‌సీయో బిగిస్తే, నేను లేని రోజున ఇంకెవరైనా బాగుచేస్తారు. పక్కన వోల్టేజి, ప్లస్ గుర్తు చెరగని ఇంకుతో రాస్తాను. తీసిన పాత గుంతను మాత్రం పారేయను, చిన్న కవరులో వేసి పెట్టె లోపలే అంటిస్తాను. ఏ పిన్ను ఏమిటో రాసిన చీటీ దాంతోనే ఉంటుంది. ఒప్పందం మార్చినప్పుడు పాత పత్రం చింపేయకూడదు కదా.

గ్యారంటీ గల కంపెనీ అడాప్టరు దొరికితే ఇవేవీ చేయను, అదే కొనమంటాను. మొన్న ఒక భజన బృందం పెద్దాయన అలాగే కొనుక్కొచ్చాడు. లోపల మైనస్, 9 వోల్టులు, అన్నీ సరిగ్గా. "మళ్లీ సెట్‌టాప్ బాక్సుకు పోకుండా ఏం చేయాలె సారూ?" అన్నాడు. కీబోర్డు అడుగున రెండు రంధ్రాలు చూసి, అడాప్టరు తీగను నైలాన్ టైతో దానికే కట్టేశాను.